కొత్తకు ముందు వండిన పప్పు

ఈ సంగతి మోస్తూ చాలా ఏళ్లు గడిచాయి. ఎక్కడైనా దించుకుందామంటే చోటు దొరకలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మిమ్మల్ని నేనెరగను, మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మీరు నా ఎదురుగా కూర్చుని ఉంటే ఈపాటికి టీ పెడతానని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

పేరు రాయను. మాది అరకు దగ్గర కొండల్లో ఒక చిన్న ఊరు. పదో తరగతితో నా చదువు ఆగిపోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. సంతకు వెళ్లిన ప్రతిసారీ మిరియాలు అమ్మేసి, మండల కేంద్రంలో ఉన్న లైబ్రరీకి నడిచి వెళ్లేదాన్ని. సంచీలో ఉప్పు, సబ్బులతో పాటు పుస్తకాలు కూడా ఇంటికి వచ్చేవి. చరిత్ర, ఆరోగ్యం, ప్రయాణాలు, ఏది దొరికితే అది చదివాను. అన్నిటికంటే డిటెక్టివ్ నవలలు ఇష్టం. సగం చదివేసరికే హంతకుడెవరో చెప్పేసేదాన్ని. మా ఆయన నన్ను ‘లైబ్రరీ మేడమ్’ అని వెక్కిరించేవాడు. ఆ వెక్కిరింత నాకు బాగుండేది.

ఆ గర్వమే ఇదంతా చేసిందా? పూర్తిగా కాదు. ఒక మంచి పని చెయ్యాలని కూడా అనుకున్నాను. ఆ మంచిని ముందు చెప్పడం తప్పించుకోవడమేనేమో. అయినా వరసగానే చెప్తాను.

మా ఆయన పెదనాన్న మా ఊరి పూజారి. నేను పెదమావ అంటాను. పెదత్త ఎప్పుడో పోయింది. ఆయనకు ఒక్కడే కొడుకు, సోమన్న. నన్ను వదినా అని ఊరికే పిలవడు, మనసులో మాట చెప్పుకోవడానికి పిలుస్తాడు. అలా ఒక రోజు చెప్పాడు, ఎస్తేరుని పెళ్లి చేసుకోవాలనుందని. ఎస్తేరు మా ఊరి అంగన్‌వాడీ టీచరు. ఊరి పక్కన పారే గెడ్డ అవతల క్రైస్తవుల గూడెం పిల్ల. వాళ్ల నాన్న అక్కడ చర్చి పెద్ద. ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలిచేది. నెమ్మదైన పిల్ల. నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది.

రెండిళ్ల పెద్దలకూ విషయం తెలుసు. ఇద్దరూ కాదనలేదు, అవుననలేదు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు, అంతే. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి నవ్విస్తే చాలనిపించింది నాకు. కలిసి తిని, కలిసి నవ్వినవాళ్లు రేపు పెళ్లిమాట దగ్గర గట్టిగా కాదనలేరు కదా?

మా ఆయన జీపులో అరకు వచ్చే టూరిస్టులను తిప్పుతాడు. ఒకసారి ఒక గెస్ట్‌హౌస్‌లో చూసిన వింత చెప్పాడు. భోజనాల దగ్గర ఒకడు చచ్చినట్టు పడిపోతాడట. మిగతావాళ్లకు ముందే తలా ఒక వేషం ఇస్తారట. తింటూ, ఒకరినొకరు అనుమానిస్తూ, చంపిందెవరో కనిపెట్టాలట. హత్య ఆట. అది వింటుంటే నా ఒళ్లు పులకరించింది. ఇన్ని నవలలు చదివింది దీనికే అనిపించింది. మా ఇంట్లోనే ఆడిద్దామన్నాను.

కథ నేనే అల్లాను. సంతలో మిరియాలు కొనే షావుకారు మా ఆయన, చచ్చేది ఆయనే. కేసు పట్టుకునే ఇన్‌స్పెక్టరు పెదమావ. ఎస్తేరు వంటమనిషి. సోమన్న షావుకారు దగ్గర పనిచేసే డ్రైవరు. ఎస్తేరు వాళ్ల నాన్న డాక్టరు. నేను షావుకారు భార్యని. చంపింది నేనే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆఖరున లేచి నిలబడి ‘పప్పులో కలిపింది నేనే’ అనాలి. మంచి నవలలో హంతకుడు ఎవరూ అనుమానించని మనిషే అయి ఉంటాడు. ఇంటికి పిలిచి వడ్డించే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఎస్తేరుకి ఒక మాట నేర్పాను. ఇన్‌స్పెక్టరు అడిగితే, ‘నేనే వండాను, ఏం కలిపానో చెప్పను’ అనాలని. అలా అంటే అందరి అనుమానం తన మీదికి పోతుంది, ఆట రక్తి కడుతుంది. ఆ అమ్మాయి భయంగా నవ్వి సరేనంది.

ఇక్కడే నేను తెలివి ఎక్కువ చూపించాను. ఆధారం అనేది చీటీ మీద రాసి ఉంటే పిల్లలాటలా ఉంటుందనుకున్నాను. నాలుకకు తగలాలి. పప్పులో తెలియని పులుపు ఒకటి ఉండాలి, పెదమావ అది పట్టుకోవాలి. చింతపండు రోజూ తినేదే, ఎవరూ పట్టించుకోరు. అందుకని కిందటేడు ఎండబెట్టిన మామిడి ఒరుగులు వేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం కుండ మూత తీస్తే ఒరుగులకు బూజు పట్టి ఉంది.

మీరు కొండల మనిషి కాకపోతే ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర ఏ పంటైనా ముందు ఊరి దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టాకే మనుషులు తింటారు. దాన్ని కొత్త అంటాం. మామిడికొత్త జరిగేదాకా చెట్టు నిండా కాయలున్నా ఒక్క ముక్క నోట పెట్టం. పాత ఒరుగులకు ఆ కట్టు లేదు, చెట్టు మీది కాయకు ఉంది. ఊరికి ఆ కొత్త జరిపించేది పెదమావ. అందరికంటే ముందు నియమం పట్టేదీ ఆయనే. కొత్త జరిగే రోజు ఆయన ఇంట్లో మొదటి వంట, పెద్దలకు పెట్టే వంట, పెదత్త పోయినప్పటి నుంచి నా చేతికి వచ్చింది. సోమన్నకు పెళ్లయితే కోడలి చేతికి పోతుంది.

ఆ ఏడు కొత్త ఇంకా జరగలేదు. మా పెరట్లో గాలికి రాలిన కాయలున్నాయి.

నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను, ఇలాంటి కట్లు ఎందుకు పుట్టాయో. కాయ ముదిరేదాకా ఎవరూ కోయకుండా ఉండడానికట. అయితే రాలిన కాయకు కట్టేమిటి అనుకున్నాను. తెలిసినదాన్ని కదా. సన్నగా తరిగి మెత్తగా ఉడికిస్తే ఒరుగో కాయో ఎవరికి తెలుస్తుంది? టెంకలు పొయ్యిలో వేశాను. కారణం తెలిస్తే కట్టు మనకు వర్తించదని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది నేను కలుపుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు మా ఆయనతో సహా అందరూ వచ్చారు. వంటంతా అప్పటికే అయిపోయింది. ఎస్తేరు అంగన్‌వాడీ నుంచి కాస్త ముందే వచ్చి గిన్నెలు అందించింది, అంతే. చర్చి పెద్ద ప్రార్థన చేసుకుంటుంటే పెదమావ ముద్ద కలపకుండా ఆగాడు. అది చూసి సోమన్న నా వైపు చూశాడు. వాడి మొహం ఎంత వెలిగిందో.

మా ఆయన మొదటి ముద్దకే గుండె పట్టుకుని చాప మీద పడ్డాడు. చర్చి పెద్ద చెయ్యి పట్టుకుని చూసి, చాలా గంభీరంగా, ఈయన పోయి చాలాసేపైంది అన్నాడు. అందరం నవ్వాం. కోడికూర వాసనకు శవం తట్టుకోలేకపోయింది.

“సచ్చినోడికి ఆకలెయ్యదేటి? నా కంచం ఇలాగ తోయండి.”

“సవం మాటాడకూడదురా,” అన్నాడు పెదమావ. “కేసు పాడైపోతాది.”

ఆయన అలా నవ్వడం పెదత్త పోయాక నేను చూడలేదు. పులుపు ఆయనకు తెలిసింది. ఇదేదో ఉంది అన్నట్టు నా వైపు కళ్లెగరేశాడు. నేనెంత పొంగిపోయానో. ఇంకో ముద్ద తిన్నాడు. నములుతూ ఆగాడు. నోట్లోంచి ఒక ముక్క తీసి దీపం దగ్గర పెట్టి చూశాడు. తెల్లటి లేత జీడి ముక్క, పచ్చికాయ టెంక లోపల ఉండేది. ఎండిన ఒరుగులో అది ఉండదు. హడావిడిగా తరిగాను, ఒకటి మిగిలిపోయింది.

“ఈ పప్పు ఎవులు వండినారు?” అని అడిగాడు.

ఆయన గొంతు మారింది. నాకు తెలిసింది. మిగతావాళ్లకు తెలియలేదు, ఇన్‌స్పెక్టరు దర్యాప్తు మొదలుపెట్టాడనుకున్నారు. ఎస్తేరు కొంగు సర్దుకుని, నేర్పిన మాట తప్పు పోకుండా చెప్పింది.

“నేనే వండాను. ఏం కలిపానో చెప్పను.”

సోమన్న చప్పట్లు కొట్టాడు. పెదమావ నవ్వలేదు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అందరికీ కనిపించేలా చాపాడు. “ఇది కొత్తకాయ,” అన్నాడు.

చచ్చిపోయిన మా ఆయన లేచి కూర్చున్నాడు. ఎస్తేరు నన్ను చూసింది. లేచి ‘కలిపింది నేనే’ అనడానికి నాకు అంతకంటే సులువైన సమయం ఉండేది కాదు. ఆ మాట కోసం నేను అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాను. నోరు తెరిచాను కూడా. బయటికి వచ్చింది ఇంకో మాట.

“పిల్లకి తెలీదు మావా. ఆళ్లకి ఈ కట్టు లేదు కదా. తప్పుగా అనుకోవద్దు.”

చూశారా? ఎంత మెత్తగా ఉందో ఆ మాట. ఎస్తేరుని వెనకేసుకొచ్చినట్టే ఉంది. నేను అబద్ధం కూడా చెప్పలేదు, ఆమె వండిందని ఎక్కడా అనలేదు. ఆ అమ్మాయి అంగన్‌వాడీలో పిల్లలకు, కొత్త కాలేదు కాయలు కోయకండర్రా అని చెప్పడం నా చెవులతో విన్నాను. పెదమావ వినలేదు. నేను చెప్పలేదు.

చర్చి పెద్ద, మా పిల్ల అలాంటిది చెయ్యదని మాత్రం అన్నాడు. పెదమావ కేకలెయ్యలేదు. తెలీక చేసిన పనికి ఏమంటామని, నీళ్లు తెప్పించుకుని నోరు పుక్కిలించుకుని వెళ్లిపోయాడు. ఆయన అరిచి ఉంటే నేను నిజం చెప్పేదాన్నేమో. ఇది కూడా సాకే.

గిన్నెలు కడుగుతున్నప్పుడు ఎస్తేరు నా పక్కన కూర్చుంది. “అక్కా, నేను కాదంటే మీ పేరు చెప్పినట్టే. అది నా నోటితో ఎందుకు? మీరే చెప్పండి,” అంది. రేపు పొద్దున్నే చెప్తానన్నాను. సరేనని తల ఊపింది. నన్ను నమ్మింది.

పొద్దున్నే వెళ్లాను కూడా. పెదమావ తలస్నానం చేసి, తప్పు కడుక్కోవడానికి కోడిని తీసుకుని దేవత దగ్గరికి బయల్దేరుతున్నాడు. ఆ ఏడు ఊరి కొత్త తను జరిపించనని, పక్క ఊరి పూజారిని పిలుస్తానని అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, ఇంట్లో పెద్దలకు మాత్రం నువ్వే వండాలమ్మా, నీ చెయ్యి ఒక్కటే నమ్మకం అన్నాడు. నేను తల దించుకుని వినయంగా నిలబడ్డాను.

ఆ తర్వాత చెప్పడం కుదరలేదు. కుదరలేదు అని రాయడం కూడా తప్పే. చెప్పలేదు.

పెళ్లిమాట అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల మంచిదే, కానీ ఈ ఇంటి కోడలు రేపు కొత్త వండాలి, నాకు ధైర్యం చాలదు అన్నాడట పెదమావ. సోమన్న నా దగ్గరికొచ్చాడు, వదినా నువ్వు చెప్తే నాన్న వింటాడని. చెప్పి చూశాను, వినలేదన్నాను. ఇది మాత్రం పచ్చి అబద్ధం. వాడు విశాఖలో పనికి వెళ్లిపోయాడు. ఇంకా పెళ్లి చేసుకోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వదినా అనే పిలుస్తాడు. అంటే ఎస్తేరు వాడికి కూడా నిజం చెప్పలేదు. నన్ను కాపాడిందా, లేక నేనే చెప్పాలని ఇంకా ఎదురుచూసిందా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. అన్ని నవలల్లో హంతకుల మనసు చదివినదాన్ని, ఈ ఒక్క మనిషి మనసు చదవలేకపోయాను.

ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని వదిలేసి ముగిద్దామనుకున్నాను. ఆ మొదటి వంట నా చేతిలోంచి పోతుందని నాకు లోపల బాధగా ఉండేదా? చదువుకున్న పిల్ల, అందులోనూ జీతం తెచ్చే పిల్ల, ఈ ఇంటికి వస్తే లైబ్రరీ మేడమ్‌ని ఎవరు పట్టించుకుంటారని ఎక్కడో ఉందా? లేదని చెప్పాలనుంది. ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. పెళ్లి జరిపించాలని నేను వేసిన ఎత్తు అది, అదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకు పుస్తకాలు చెప్పలేదు, లేదా చెప్పినా నేను గమనించలేదు.

ఎస్తేరు పెదబయలు వైపు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది. అక్కడే పెళ్లయింది. ఒకసారి సంతలో కనిపించింది, చంకలో బిడ్డ. అల్లం బేరం చేస్తోంది. నేను తప్పుకుందామనుకునేలోపే చూసేసింది. బాగున్నారా అక్కా, ఇంకా పుస్తకాలు చదువుతున్నారా అని అడిగింది. మామూలుగానే అడిగింది. చదువుతున్నానన్నాను. బిడ్డ బుగ్గ తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె దాన్ని చూసి, బిడ్డని కొంచెం నా వైపుకు జరిపింది. తప్పు నాదే అని అప్పుడైనా అనొచ్చు కదా? పక్కన అల్లం అమ్మే మనిషి తప్ప ఎవరూ లేరు.

పెదమావ ఇప్పుడు బాగా పెద్దవాడైపోయాడు. ఆ మరుసటేటి నుంచి మళ్లీ ఆయనే కొత్త జరిపిస్తున్నాడు. ప్రతి ఏడూ ఆయన ఇంట్లో మొదటి వంట నేనే వండుతున్నాను. ఆయన దాన్ని ఆకులో పెట్టి పెదత్తని, వాళ్ల అమ్మానాన్నలని పేరుపేరునా పిలుస్తాడు. నేను పొయ్యి పక్కన నిలబడి వింటాను. పెద్దలు ముట్టుకుంటారో లేదో నాకు తెలియదు. ఈ మాట మా ఊరివాళ్లు చదివితే ఆ పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వరు. రానివ్వకపోవడమే న్యాయం. సోమన్న వదినా అనడం మానేస్తాడు. అదీ న్యాయమే. ఎవరు చదివినా సోమన్నకు, ఎస్తేరుకి పోయిన పెళ్లి తిరిగి రాదు. అందుకని క్షమించమని ఎవరినీ అడగను, మిమ్మల్ని కూడా.

దీన్ని మొదట కథలాగా రాయడం మొదలుపెట్టాను. ‘ఒక ఊళ్లో ఒకావిడ పప్పులో కొత్తకాయ వేసి, నేరం వేరే పిల్ల మీద పడనిచ్చింది’ అని. వాక్యం బాగానే కుదిరింది. రెండుసార్లు చదువుకుని ‘ఒకావిడ’ కొట్టేశాను. అక్కడ ‘నేను’ అని రాసి, వాక్యం చివర కూడా మార్చాను. ఇన్నేళ్లలో ఇవాళే ఆ వాక్యాన్ని పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత లేచి మంచినీళ్లు తాగాను.