ఉస్తాద్ ముట్టనియ్యని క్లారినెట్

మొన్న అలమార సర్దుతూ మా ఆవిడ పైఅర నుంచి ఒక మూట దించింది. ఎర్ర బ్యాండు కోటులో చుట్టిన నల్లటి క్లారినెట్. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఊదే మూతే లేదు. పాత సామాన్ల వేద్దామా?" అంది. వద్దన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయినట్టుంది, పాపం, మళ్ళీ పైన పెట్టేసింది.

2006లో నాకు నలభై రెండేళ్ళు. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర నా కుట్టుమిషను దుకాణం, పక్క మడిగెలో బ్యాండు మేళం. వాళ్ళ కోట్లన్నీ నేనే కుట్టేవాణ్ణి. క్లారినెట్ వాయించే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్ద వైపు పెళ్ళిళ్ళకు పోతే కన్నడ పాటలు కూడా ఒక్కసారి విని ఊదేసేవాడు. ఆయన క్లారినెట్ అందుకుంటే నా చేతిలో కత్తెర ఆగిపోయేది. ఎన్నాళ్ళని వింటూ కూర్చుంటాను? ఒకరోజు సిగ్గు విడిచి, నాకూ నేర్పమని అడిగేశాను.

"గీ వయసులనా, టైలర్?" అని నవ్వి, మూలన పడున్న పాత క్లారినెట్ ఒకటి తీసిచ్చాడు.

రోజూ పొద్దున్నే, మిషను తెరవకముందు గంటసేపు పాఠం. కింది పెదవి పళ్ళ మీదికి మడిచి, బుగ్గలు ఉబ్బకుండా ఊదాలి. నేను ఊదితే మేక ఈనుతున్నట్టుండేది. పెదవి లోపల పుండ్లు పడి కూరలో కారం తగిలితే కళ్ళనీళ్ళు వచ్చేవి. "పక్కింటోళ్ళ బర్రె పాలిస్తలేదట, నీ పీక బంద్ చెయ్యి ఇగ" అని మా ఆవిడ దెప్పేది.

ఉస్తాద్ తీరే నాకు వింతగా ఉండేది. నన్ను లోపల కూర్చోబెట్టి, తాను గుమ్మంలో బయటికి మొహం తిప్పి కూర్చునేవాడు. తప్పు వస్తే వేళ్ళు గాల్లో ఆడించి చూపేవాడు. నా క్లారినెట్ ఒక్కసారి ఊది చూపమంటే ఊదడు. తన దాన్ని ముట్టనివ్వడు. చాయ్ కూడా తన స్టీలు గ్లాసులోనే. ఎప్పుడూ దగ్గుతూనే ఉండేవాడు, ఆ దగ్గులో కూడా అంత బడాయి ఏమిటో అనుకునేవాణ్ణి. నాలుగు నెలలైనా నాకు పై స్వరం పలకలేదు. లోపం నాదా, పాత క్లారినెట్‌దా? ఆయన క్లారినెట్ మీద నేను ఒక్కసారి ఊదితే తేలిపోతుందని నా పిచ్చి.

ఒకరోజు ఆయన చాయ్‌కి లేవగానే ఆయన క్లారినెట్ తీశాను. పెదవికి తాకీ తాకకముందే ఉరికొచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు, డోలు వాళ్ళంతా చూస్తుండగా.

"చెప్తే సమజ్ గాదారా నీకు? ముట్టకు అంటే ముట్టకు!"

ఇద్దరు పిల్లల తండ్రిని. ఒళ్ళు మండిపోయింది. "నీ విద్య నీతోనే గోరీలకు తీస్కపో!" అనేసి వచ్చేశాను.

తర్వాత మూడు నెలలు ఆ మడిగె వైపు చూడలేదు. గోడ అవతల దగ్గు వినిపిస్తే మిషను గట్టిగా తొక్కేవాణ్ణి. ఒకసారి ఆయనే నా గుమ్మం దాకా వచ్చి, "టైలర్, కోటు వదులైంది, జర కుట్టియ్యి" అన్నాడు. తల ఎత్తకుండానే, పనుంది, పైవారం రమ్మన్నాను. ఒక్కసారి తలెత్తి ఉంటే, కొలతలు తీసే టైలర్‌ని, ఆ భుజాలు ఎంత కరిగిపోయాయో నాకు తెలియకపోయేదా?

పైవారం ఆయన రాలేదు. పోయాడని బ్యాండు వాళ్ళు చెప్పారు. కొన్నాళ్ళకు ఆయన బిడ్డ ఈ మూట తెచ్చింది.

"అబ్బాకు టీబీ ఉండె, చాచా. దవాఖాన గోలీలు తింటే కడుపుల తిప్పుతుంది, ఊదనీకొస్తలేదని పెండ్లిళ్ళ సీజన్ల గోలీలే బంద్ వెట్టిండు. ఎవ్వరికీ చెప్పనియ్యలే, తెలిస్తే పెండ్లికి ఎవరు పిలుస్తరని." మూట నా చేతిలో పెట్టి అంది, "ఊదే మూతి పొయ్యిల పెట్టమన్నడు, పెట్టినం. మిగిలింది మంచిగ తుడిచి టైలర్‌కియ్యుండ్రి, కొత్త మూతి కొనుక్కుంటడు, అన్నడు."

నేను కొనలేదు. కోటుకు కుట్టూ వేయలేదు. అలిగి కూర్చున్నప్పుడు నాకు ముందు బోలెడు కాలముంది, మూడు నెలలు ఒక లెక్కా అనుకున్నాను. ఆయనకు మిగిలి ఉన్నవి ఆ మూడు నెలలే.