నాలుగున్నరకి తెగిన బేరం

ఆ రోజుల్లో నా దృష్టిలో కదలని అంకె అంటూ లోకంలో లేదు. భీమవరంలో మా బట్టల కొట్లో ‘ఒకే ధర’ అని పెద్ద అక్షరాల బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని మా నాన్న రోజంతా బేరాలాడేవాడు. అలాంటి ఇంట్లోంచి వెళ్లి, రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతుకి ఫోన్ మోగించే చిన్న కంపెనీలో చేరాను. ప్రోగ్రామంతా పైథాన్ భాషలో ఉండేది. ఎంతకి తగ్గితే మోగాలన్న హద్దు, లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములని, అన్ని చెరువులకీ కలిపి ఒక్కచోటే రాసి ఉండేది. మార్చకూడదని తెలిసేలా దాని పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టారు, అంతే. తాళం, గొళ్లెం ఏమీ లేవు (పైథాన్ మా గోదారి మనిషిలాగే, మర్యాదగా చెప్పి ఊరుకుంటుంది). నా కంటికది మా కొట్టు బోర్డే.

మా మావయ్యకి మొగల్తూరు దగ్గర చెరువుంది. కిందటి పంట ఒక మబ్బు రోజున, ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, ఊపిరాడక పోయింది. ఆ భయంతో, తనకి మాత్రం ఐదుకే మోగించమని నా ప్రాణం తీసేవాడు. బేరమాడాను, నాలుగున్నరకి తెగింది. ఆయన చెరువు వంతు వచ్చినప్పుడు హద్దు మారేలా ఒక్క వరుస రాశాను. అది మారిస్తే అందరి హద్దూ మారిపోతుందని తట్టలేదు.

మర్నాడు మబ్బేసింది. మధ్యాహ్నానికి ఊళ్లకి ఊళ్లు ఫోన్లు మోగాయి. ఒక రైతుగారు పెళ్లి భోజనంలో పనసపొట్టు కూర విస్తట్లోనే వదిలేసి చెరువుకి పరిగెత్తారట. తీరా చూస్తే ఆక్సిజన్ నాలుగుకి పైనే ఉంది, రొయ్యలు హాయిగా ఉన్నాయి. ఆయన తిన్నగా మా ఆఫీసుకొచ్చి పడ్డారు. మా సీనియర్ మేడమ్ ప్రోగ్రామ్ తెరిచి, నా వరుస దగ్గర ఆగారు.

“ఎవర్ని అడిగి మార్చారండి?”

“మా మావయ్య ఐదు అడిగారండి. నేనే నాలుగున్నరకి తెచ్చాను,” అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

ఆవిడ చూసిన చూపుకి ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఈలోగా సంగతి తెలిసి మావయ్య బురద కాళ్లతోనే వచ్చేశాడు.

“పిల్లాణ్ణి ఏమీ అనకండి మేడమ్‌గారూ. భయం నాదండి.”

ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, కిందటి పంట సంగతంతా విన్నారు. నా వరుస చెరిపేసి, అందరికీ నాలుగు అలాగే ఉంచి, కావాలన్నవాళ్లకి ఎవరి హద్దు వాళ్లకి విడిగా ఉండేలా రాశారు. మావయ్య చెరువుకి ఐదు వేశారు.

ఆ పంట బతికింది. చెరువు అమ్మేసి చాలా కాలమైనా, మబ్బేస్తే మావయ్య ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. “అల్లుడూ, ఎంతుందిరా?” అంటాడు. ఆ చెరువు లెక్క మా దాకా రావడం ఎప్పుడో మానేసింది.

“ఆరుంది మావయ్యా, పడుకో,” అంటాను. అడక్కుండానే కొసరు వేసే వయసొచ్చేసింది నాకు.