తుపాకీకి పెట్టిన బొట్టు

మా పక్క ఫ్లాట్లో ఉండే అక్క పోయింది. ఆదివారం ఉదయం నేను పనికి బయలుదేరుతుంటే ఆమె భర్త తలుపు తీసి, "మీ అక్క ఇక లేదండి" అన్నారు. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నదట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. నేను లిఫ్ట్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఆ రోజు ఏ వార్తా రాయలేకపోయాను.

అక్కది నిజామాబాద్. హైదరాబాద్‌లో అరబిక్ ఎం.ఏ. చేసి, అబుదాబి కోర్టుల్లో దుబాషీగా పనిచేసింది. మన కార్మికుల మాట జడ్జికి, జడ్జి మాట వాళ్లకు చెప్పడమే ఆమె పని. నేను కోర్టు వార్తలు రాసేవాణ్ణి. చట్టంలో ఏదైనా అర్థం కాకపోతే ఆమె తలుపు తట్టేవాణ్ణి. వంకాయలు తరుగుతూనే విడమరిచి చెప్పేది. తీర్పు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం కత్తి పక్కన పెట్టేది.

"నన్ను జోస్యం అడుగకు తమ్మీ. వాళ్లు అన్నదే నేను అంట. అననిది నా నోట్లకెళ్లి రాదు."

ఆ నియమం ఆమెను ఎంత సతాయించిందో ఒక కేసులో చూశాను.

అబుదాబి శివార్లలో, బనియాస్ అవతల ఒక తోటలో పనిచేసే జగిత్యాల మనిషి దసరా నాడు ట్రాక్టర్‌నూ నీళ్ల మోటారునూ పారలనూ కడిగి వరసగా పెట్టాడు. సామాన్ల గదిలో గోనెసంచిలో చుట్టి ఉన్న పాత తుపాకీని కూడా తెచ్చి వాటి పక్కన ఆనించాడు. అన్నిటికీ బొట్టు పెట్టి, ఫొటో తీసి ఇంటికి పంపాడు. ఆ ఫొటో బావమరిది ఫోన్ నుంచి కార్మికుల క్యాంపుల వాట్సాప్ గ్రూపులకు, అక్కడి నుంచి పోలీసులకు చేరింది.

అది ఆటోమేటిక్ రైఫిల్. తుపాకుల చట్టాన్ని కఠినం చేసిన రోజులవి. లైసెన్సు లేకుండా ఏ తుపాకీ ఉంచుకున్నా నేరం. ఆటోమేటిక్‌కైతే మామూలు పౌరుడికి లైసెన్సే దొరకదు. అది ఎవరిదో తనకు తెలియదని తోట యజమాని, అంటే అతనికి వీసా ఇచ్చిన కఫీల్, చెప్పాడు. ఇక జైలుకు పోవాల్సింది ఫొటో తీసినవాడే.

ఎందుకు బొట్టు పెట్టావని జడ్జి అడిగాడు.

"దసరాకు పనిముట్లకు మొక్కుతం సార్. గా తుపాకి గూడ ఇంట్ల ఉన్న ఇనుమే గదా, దాన్ని ఒక్కదాన్ని ఇడిసిపెడితే మంచిగుండదని పెట్టిన."

అక్క అరబిక్‌లో చెప్పింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు అతను బెదిరి ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, నేను దాన్ని ముట్టనే లేదని చెప్పు."

ఆమె అదీ చెప్పింది, 'అక్కా' దగ్గర నుంచి 'చెప్పు' దాకా. ఫొటో జడ్జి ముందే ఉంది. ముట్టకుండా బొట్టెలా పెట్టావని జడ్జి అడిగాడు.

"ముట్టిన సార్. పిల్లలకు పెట్టినట్టు పెట్టిన. గంతే."

అతను ఉంగరం వేలు పైకెత్తి చూపించాడు. అనువదిస్తున్న అక్క వేలు కూడా తెలియకుండానే లేచింది.

తీర్పు వాయిదా పడింది. ఆ రోజుల్లో అక్క నిలకడగా కూర్చోలేదు. మా తలుపు తట్టేది, తీసేలోపే వెళ్లిపోయేది. ఒకసారి నేనే అడిగాను: "'ముట్టలేద'న్న ఆ ఒక్క మాట వదిలేస్తే ఏం పోయేది అక్కా?"

"ఇయాల మంచికని ఒకటి ఇడుస్త, రేపు ఇంకోటి. అటెన్క జడ్జి ఇనేది వాళ్ల మాటనా, నా మాటనా?"

"మరి అతను జైలుకు పోతే?"

"గందుకే గదా నీ తలుపు కొట్టేది."

చివరికి తుపాకీ అతనిది కాదని నమ్మి అతన్ని నిర్దోషి అన్నారు. కఫీల్ మీద విచారణ వేరుగా నడిచింది. అది ఏమైందో నేను కనుక్కోలేకపోయాను. పనివాడి వీసా రద్దయింది. ఇంటికి పంపేందుకు అతన్ని తీసుకెళ్తుంటే, వరండాలో అక్క అడ్డం వెళ్లింది. కోర్టులో ఎవరూ అనని మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి.

"తిన్నవా తమ్మీ?"

ఏమన్నావని పోలీసు అడిగాడు. ఆమె తను అడిగినదే పోలీసుకు అరబిక్‌లో చెప్పింది. 'యల్లా', పద పద, అనబోయిన పోలీసు ఆగాడు. పనివాడు మాత్రం తను తిన్నాడో లేదో గుర్తుకు రాక, ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు.