సోంబారి విన్న మోరి

2023 నవంబరు. హుకుంపేట సంతవీధి చివరనున్న రేకుల షెడ్డు నా కొట్టు. రేడియోలతో మొదలుపెట్టి, టేపులు, టార్చిలైట్లు, నీళ్ళ మోటార్లు దాటుకుంటూ సెల్‌ఫోన్ల దగ్గరికి వచ్చి పడ్డాను. ఈ పని నాకు ఏ బడీ నేర్పలేదు. సామాన్లు పొట్లం కట్టిన పాత పత్రికల్లో రేడియో సర్క్యూట్లు చూసి, అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు ముందు పెట్టి మాట్లాడేవాళ్ళంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మంటే.

ఆ వారం జూనియర్ కాలేజీ పీఈటీ మాస్టారు రెండు హెడ్‌ఫోన్లు తెచ్చారు. ఆయన రోజూ పొద్దున్నే ఘాట్‌రోడ్డు మీద పరుగెడతారు. ఇవి 'బోన్ కండక్షన్' రకం. చెవిలో దూర్చుకునేవి కావు. చెవి ముందున్న ఎముక మీద ఆనుతాయి, పాట ఆ ఎముకలోంచే లోపలి చెవికి పోతుంది. చెవి ఖాళీగా ఉంటుంది కనక వెనక వచ్చే జీపు హారను కూడా వినబడుతుంది. మాస్టారు దీన్ని నిన్న పుట్టిన వింతలా చెప్పుకొచ్చారు. మోటారు బేరింగు అరిగిందో లేదో చూడాలంటే స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి ఆ ఎముకకే నొక్కిపెట్టి వింటాను. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. దానికో పేరుందని మాత్రం తెలీదు.

ఒకదానికి చెమట ఉప్పుతో ఛార్జింగు పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. గీకి బాగుచేశాను. రెండోది పాతది, మెడ వెనక రబ్బరు పగిలింది. అది అతికినా తనకి అక్కర్లేదని, ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమని మాస్టారు వదిలేసి వెళ్ళారు.

సంతరోజు సోంబారి టార్చిలైటు కోసం వచ్చింది. యాభై దాటిన మనిషి, పక్క ఊరు, కాఫీ తోటల్లో పండు కోస్తుంది. చిన్నప్పటినుంచీ చెవుల్లో చీము కారి కారి, నలభయ్యో ఏటికి వినికిడి పూర్తిగా తగ్గిపోయింది. ఎప్పుడో ఒక క్యాంపులో ఒకాయన చెవి పక్కన చిటికె వేసి, ఇంతేనని కాగితం మీద రాసి పంపేశాడట. ఎక్కడ తెగిందో చూడకుండా సెట్టు పోయిందని చెప్పే మెకానిక్కుని నేనైతే గుమ్మం ఎక్కనివ్వను.

ఒకప్పుడు పండగల్లో ఆడే థింసా వరసలో ఆమె అడుగు చూసి మిగతావాళ్ళు అడుగు వేసేవారు. సన్నాయిలాంటి మోరి ఊదేవాడు పాట మార్చగానే వరసంతా తిరగాలి. ఓ పండగ నాడు అది వినబడక సోంబారి ముందుకే పోయింది. నలుగురు పడ్డారు. ఆ రోజునుంచి వాళ్ళ వదిన బుద్రి ఆమెని ఆట పక్కనున్న బండ మీద కూచోబెట్టేసింది. ఏడేళ్ళు.

చీముకి పాడైంది బయటి దారే అయితే ఎముక దారి ఇంకా తెరిచే ఉండాలి అనిపించి, మాస్టారు వదిలేసిన హెడ్‌ఫోన్‌కి రబ్బరు అతికించి సోంబారికి తగిలించాను. నా ఫోనులో పాత మోరి పాటలున్నాయి. టేపురికార్డరు కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో వాళ్ళ ఊళ్ళో ఏటా చైత్రంలో చేసే ఇటుకల పండగలోనే నేను పట్టినవి. పాట పెట్టాను.

టార్చిలైటు కింద పెట్టేసింది. కాసేపటికి కుడిచెయ్యి మెల్లగా పక్కకి జరిగి, గాలిలో వంపు తిరిగి ఆగింది. థింసాలో పక్కమనిషి వీపు వెనకనుంచి చెయ్యి అలాగే వేస్తారు. అక్కడ మనిషి లేదు. చెయ్యి మాత్రం దించలేదు.

పాటకీ పాటకీ మధ్య టేపులో ఆడవాళ్ళ మాటలు, ఒక నవ్వు ఉన్నాయి. అక్కడికి రాగానే, "మళ్ళీ ఎయ్యి," అంది. మూడుసార్లు వేశాను.

"ఆ నవ్విన గుంట నానే బాబూ," అంది. "తిడతన్నాది మా ఒదిన."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఈ ఏడు పండక్కి నన్ను వరసలో నిలబెట్టగలవా?"

నిలబెడతానన్నాను. చెవుల డాక్టరుకి చూపించుకోమని కూడా సైగ చేసి చెప్పాను. "సూపిత్తాను. ముందు పండగ," అంది.

ఆ పాటలెక్కించిన పాత ఫోనొకటి, హెడ్‌ఫోనూ ఇచ్చి పంపాను. చలికాలమంతా బుట్ట భుజానేసుకుని, ఆ పాటలతోనే తోటకి ఎక్కింది. ఓ రోజు పాటలో పడి, కొయ్యాల్సిన తోట దాటి కొండమీదికంటా పోయిందట. మాస్టారికి అది చెవులు తెరిచి ఉంచే వస్తువు. ఈమె తెరిచిన చెవుల్లోకి వచ్చేదేమీ లేదు. ఆమె ఊరంతా ఆ టేపులోనే ఉంది.

చైత్రంలో పండగొచ్చింది. మోరి ఊదేవాడి కాళ్ళ దగ్గర నా ఫోను పెట్టాను. దాని మైకులో పడిన పాట గాలిలోంచి సోంబారి హెడ్‌ఫోన్‌కి పోయేలా చేశాను. బుద్రిని బతిమాలి వరసలో నిలబెట్టాను. పాట మారింది. వరస తిరిగింది. సోంబారి రెప్పపాటు ఆలస్యంగా తిరిగింది. రెండోసారీ అంతే. అప్పుడు తట్టింది నాకు. తీగ లేకుండా పంపే పాట కొంచెం వెనకబడి చేరుతుంది, దాన్ని డిలే అంటాం. కొట్లో పాత పాటలు వేసి చూసినవాడికి అది తెలియదు. తెలియాల్సింది నాకు.

మూడోసారి బుద్రి వరస ఆపేసింది. "మిషను ఎట్టుకుంటే కాలు కదుల్తాదేటి? బేగి దిగు, వరస పాడైపోతంది."

సోంబారి హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. కోపం లేదు. "నీ మిషన్లో పాట ఎప్పుడూ ఎనకటిదే బాబూ," అని బండ వైపు నడిచింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలోనే జేబులో స్క్రూడ్రైవరు తీసి, ఆమెని చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చి, మొన తుడుం డోలు అంచుకి ఆనించి, పిడి ఆమె చెవి ముందు ఎముకకి పెట్టాను. డోలు మోగింది. సోంబారి మడమ నేలకి తగిలింది, సరిగ్గా దెబ్బకి.

బుద్రి నడుం మీద చేతులేసుకుని చూసింది. "అయితే ఎముక ఇంటాదా?"

వింటుందన్నాను.

"ఇంత సదివి ఇప్పుడా సెప్పడం?" అని, సోంబారిని తెచ్చి తన పక్కన, వరస నడిమిన నిలబెట్టుకుంది. వీపు వెనక చెయ్యి వేసి, పిడికిలి వెన్నుపూస మీద ఆనించింది. దరువు దరువుకీ పిడికిలి తగిలింది. మోరి పాట మారబోయే ముందు ఒక గట్టి పోటు. వరస తిరిగింది, సోంబారి దాంతోపాటే తిరిగింది. ఆమె మొహం నాకు కనబడలేదు. వీపూ, దాని మీద బుద్రి పిడికిలీ కనబడ్డాయి, దుమ్ములో చుట్టు తిరిగి మళ్ళీ మళ్ళీ.

నలభై ఏళ్ళు వస్తువుకి ఏం కావాలో అడిగాను. ఆ మనిషికి ఏం కావాలో నా కొట్లోనే, గాలిలో చెయ్యి చాపి చూపించింది. చూసి కూడా నేను పాట దగ్గరే ఆగిపోయాను.

సోంబారి ఇప్పటికీ సంతరోజు వస్తుంది, హెడ్‌ఫోన్ ఛార్జింగు పెట్టించుకోడానికి. ఏ పాట పెట్టాలో నేను అడగను. ఆ నవ్వు వచ్చేచోట కళ్ళు మూసుకుంటుంది. కుడిచెయ్యి పక్కకి జరుగుతుంది. ఈమధ్య, ఆ సమయానికి చేతిలో పని ఆపి, నేను వెళ్ళి ఆ పక్కన నిలబడుతున్నాను.