ముర్రుపాలు ముందెవరికి

సూరత్ పక్కన జోల్వాలో మావాళ్లుండే లైనుకు వచ్చి "బర్రె ఎల్లవ్వ ఇల్లెక్కడ?" అని అడిగితే చాలు, నలుగురు దారి చూపిస్తారు, ఐదో మనిషి చేయి పట్టుకుని తీసుకుపోతాడు. వాళ్లది సిరిసిల్ల దగ్గరి పల్లె. మొగుడు బుచ్చిరాములు సాంచాలు, అదే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మావాళ్లు ఇక్కడికొచ్చాక టీవీలు కొన్నారు, మోటారు సైకిళ్లు కొన్నారు. ఎల్లవ్వ బర్రెను కొన్నది. దానికి కాటుక అని పేరు పెట్టి, సాంచాలు నడిచే ఖాతా షెడ్డు గోడకు ఆనించి రేకుల కొట్టం వేసి కట్టేసింది. ఆ రోడ్డు మీదే నేను టీ బండి నడుపుతాను. నా చాయ్‌కి పేరొచ్చింది కాటుక పాలతోనే గానీ నా చేతి మహిమతో కాదు. ఈ సంగతి ఎల్లవ్వ ముందు మాత్రం చచ్చినా ఒప్పుకోను.

అన్నీ ఉన్న ఎల్లవ్వకు ఒక్కటే దిగులు. ఆమె చేతిలో దూడ నిలవదు. కాటుక రెండుసార్లు ఈనింది. మొదటి దూడ కడుపు పారి పారి నాలుగో రోజు పోయింది. రెండోది పన్నెండు రోజులు ఈసురోమని పడుకుని పోయింది. దూడ కనబడకపోతే కాటుక చేపదు, పొదుగు నిండా పాలున్నా దాణా పెట్టి బతిమాలితే గానీ వదలదు. "మూడోది గిట్ల పోయిందనుకో, బర్రెను అమ్ముడే" అని బుచ్చిరాములు తేల్చేశాడు. లైనులో ఆడవాళ్లు ఎల్లవ్వ చేయి మంచిది కాదన్నారు. చాటుగా అన్నారు గానీ చాటుమాటలకు కాళ్లెక్కువ, సాయంత్రానికే ఆమె చెవిన పడ్డాయి.

"అమ్ముతె అమ్మిండు గని చెల్లే, ఒక్కదాన్నన్న బతికించుకోవాలె. నా చెయ్యి పాడుదని నేనే నమ్మబట్టిన" అని నా బండి దగ్గర కూర్చుని ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాదు. అల్లం ఎక్కువ వేసి చాయ్ ఇచ్చాను.

దూడ బతకడం తర్వాతి మాట, ముందు బర్రె చూడి కట్టాలి కదా. అది ఎదకు వస్తే అరిచి చెబుతుంది. గోడకవతల నూట ఇరవై సాంచాలు ఒక్క నిమిషం ఆగకుండా కొట్టుకుంటుంటే ఆ అరుపు ఎవరికి వినబడాలి? బుచ్చిరాములు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ చప్పుడుకు సగం చెవులు పోగొట్టుకున్న మనిషి, బర్రె పక్కనే నిలబడి అరిచినా ఎవరిదో ఫోన్ మోగుతోందనుకుంటాడు. ఇద్దరూ కలిసి బర్రెకు ఎదే రావడం లేదని నాలుగు నెలలు మొలకెత్తిన గింజలు పెట్టారు, బెల్లం పెట్టారు, దిష్టి తీశారు. అది అన్నీ తిని హాయిగా నెమరేసింది.

దీపావళికి ఖాతాలన్నీ బందయ్యాయి. ఆ మర్నాడు పొద్దున జోల్వా అంతా చడీచప్పుడు లేకుండా ఉంది. అప్పుడరిచింది కాటుక. లైను మొత్తం ఉలిక్కిపడి లేచింది. ఎల్లవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా నా దగ్గరికి ఉరికొచ్చి, "అరుస్తున్నదే! నా బర్రె నోరు తెరిచి అరుస్తున్నదే!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నా చేతిలో పాలగిన్నె ఉంది. పాలన్నీ మా ఇద్దరి మీదే పడ్డాయి.

చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పశువులను చూసే డాక్టరమ్మ విజేత మా మంచిర్యాల పిల్లే. సాయంత్రం వచ్చి చూడి కట్టే సూది వేసింది. మూడు నెలలకు మళ్లీ వచ్చి చేయి పెట్టి చూసి, చూడిదేనని చెప్పింది. ఎల్లవ్వ ఆ రోజు లైనంతా బెల్లం పంచింది. నెలలు నిండుతుండగా విజేత మరో మాట చెప్పింది.

"పెద్దమ్మా, దూడ పుట్టిన గంటలోపలే ముర్రుపాలు తాగాలె. మావి పడేదాక ఆగొద్దు. ఆ పాలు తాగకపోతే రోగాన్ని తట్టుకునే బలం దానికి రాదు."

ఎల్లవ్వ తలూపింది. తలూపడం వేరు, చేయడం వేరు. మా వైపు చాలా ఇళ్లలో మావి, అంటే మాయ, పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వరు. తాగితే మావి లోపలే నిలిచిపోతుందని భయం. అది పడ్డాక ముర్రుపాలు పిండి, జున్ను వండి ఇంటింటికీ పంచుతారు. పంచడంలో ఎల్లవ్వ చేయి ఎంత పెద్దదో నాకు తెలుసు. రెండుసార్లూ రెండేసి గిన్నెలు తిన్నదాన్ని.

వినాయకచవితి వెళ్లిన వారానికి, పొద్దున ఆరింటికి, ముసురులో కాటుకకు నొప్పులొచ్చాయి. విజేత వస్తూ వస్తూ వాగు దగ్గర ఆగిపోయింది. ఫోన్లో చెబుతుంటే మేం చేశాం. రెండు గిట్టలు కనబడ్డాయి, వాటి మీద ముక్కు కనబడింది, అక్కడితో ఆగిపోయింది. "బర్రె ముక్కినప్పుడే గుంజుండ్రి, కిందికి గుంజుండ్రి" అంటోంది విజేత. ఎల్లవ్వ ఒక కాలు, నేనొక కాలు పట్టుకున్నాం. కాటుక గట్టిగా ముక్కింది. మేమిద్దరం వెల్లకిలా పేడలో పడ్డాం, దూడ వచ్చి నా ఒళ్లో పడింది! ముక్కులో గడ్డిపోచ పెట్టి కదిపితే నా ముఖం మీదే తుమ్మింది. జన్మలో అంత ఆనందంగా ఎవరి చేతా తుమ్మించుకోలేదు.

"దుడ్డె! ఆడదే!" అని ఎల్లవ్వ అరిచింది. బొడ్డుకు మందు అద్దింది.

ఇంతలో ఏడయింది, రాత్రి పాళీ పనివాళ్లు దిగారు. ఎవరో కిటికీలోంచి సైగతో కబురు చెబితే, బుచ్చిరాములు సాంచాల మధ్య నిలబడి ఖాతా అంతటికీ పిలుపు పంపాడట. ఆ చప్పుడులో నోటిమాట పనిచేయదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లతో కొమ్ములు పెట్టి, దోసిలి గిన్నెలా పట్టి నోటికి ఆనించి చూపించాడు. అంతే, ముప్పై మంది దాకా టిఫిన్ డబ్బాలు, చెంబులు, మూతలతో సహా వానలో దిగబడ్డారు. వాళ్లకు ముందు బుచ్చిరాములు మేనత్త స్వరాజ్యం, ఇంత పెద్ద గిన్నెతో.

దుడ్డె అప్పుడే తూలుతూ లేచి పొదుగు వైపు ముట్టె చాపుతోంది. "ఓ ఎల్లీ, పట్టుకో దాన్ని! ఇంక మావి పడలే" అని స్వరాజ్యం కేకేసింది. ఎల్లవ్వ చటుక్కున దుడ్డె మెడ పట్టుకుని ఆపింది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. పుట్టి అప్పటికే అరగంట దాటింది.

"అత్తా, పోయిన రెండుసార్లు మావి ఎప్పుడు పడ్డది?" అని ఎల్లవ్వ అడిగింది.

"పగటాల్లకు, పన్నెండు దాటినంక పడ్డది. మంచిగనే పడ్డది గదనే."

"అప్పటిదాక దూడ ఏం తాగింది?"

స్వరాజ్యం చేతిలోని గిన్నె కిందికి దించింది.

"ఏం తాగలే. పడ్డంకనన్న దానికి కడుపునిండ ఇడువలే. పిండి, వండి, ఇంటింటికి నేనే మోసిన. దాని నోటికాడి పాలు మీకు పెట్టి, నా చెయ్యి మంచిది గాదని ఏడిసిన" అంది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. చేయి తీసేసింది. తీయడమే కాదు, దుడ్డెను ముందుకు తోసి, చన్ను నోటికి అందించింది. ఒక్క క్షణం వెతుక్కుని అది చప్పరించడం మొదలుపెట్టింది. కాటుక చేపింది. దుడ్డె మూతి చుట్టూ పసుప్పచ్చని నురగ.

నేను తిన్న నాలుగు గిన్నెలూ అప్పుడు గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

ఇదంతా ఒక్క ముక్క కూడా వినబడని బుచ్చిరాములు వెనకనుంచి, "జున్ను ఎప్పుడయితదే?" అని లోకమంతా వినేలా అరిచాడు. ఏడుస్తున్న ఎల్లవ్వకు నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి మాట రాక, చేతులతోనే చెప్పింది. దుడ్డెను చూపించి, దాని పొట్ట చూపించి, రెండు అరచేతులూ ఖాళీగా విదిలించింది. ఇరవై రెండేళ్లుగా సైగలు చదువుతున్న మనిషి, వెంటనే అర్థమైంది. గుంపు వైపు తిరిగి చేయి అడ్డంగా ఊపాడు, సాంచ బంద్ అని. ముప్పై మందీ పగలబడి నవ్వుతూ డబ్బాలకు మూతలు పెట్టుకున్నారు. స్వరాజ్యం ఒక్కతే వెళ్లలేదు. గిన్నె బోర్లించి దాని మీద కూర్చుని, దుడ్డె తాగడం చివరిదాకా చూసింది. మావి పది గంటలకు దానంతటదే పడింది.

ఆ తర్వాత రోజులు ఎల్లవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది. నాలుగో రోజు ఆమె అన్నం తినలేదు. పన్నెండో రోజు కొట్టంలోనే చాప వేసుకుంది.

పదమూడో రోజు పొద్దున నేను చాయ్ కాస్తున్నాను. దుడ్డె పలుపు తెంపుకుని తోకెత్తుకుని రోడ్డు మీదికొచ్చింది. పాళీ దిగి వస్తున్న వాళ్ల మధ్యలోంచి, సైకిళ్ల మధ్యలోంచి, నా బండి కిందినుంచి ఒకటే పరుగు. "పట్టుకోండి, పట్టుకోండి" అని నలుగురు వెంటపడ్డారు. వెనకాల ఎల్లవ్వ, కొంగు జారి, జుట్టు ఊడి, పట్టపగ్గాల్లేని ఆనందంతో ఉరికొస్తూ అరుస్తోంది:

"పట్టకుండ్రి! ఎవలు పట్టకుండ్రి! జర ఉరకనియ్యుండ్రి దాన్ని!"