మా అన్నకు వచ్చిన పేరు తెలియని జబ్బు

మొన్న మా మునిమనవరాలికి తట్టు టీకా వేయించడానికి ఆస్పత్రికి వెళ్తే, సూది పడగానే అది కెవ్వుమని ఏడ్చింది. దాని తల్లి కళ్లు తుడుచుకుంటుంటే నాకు మాత్రం ఆ సూదికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది. నా యీడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, తట్టు పోయని ఇల్లు మా చిన్నప్పుడు ఎక్కడుంది? మా అన్నకు ఏడాదైనా నిండకముందే పోసి, తగ్గిపోతే, ఇంటిల్లిపాదీ ఆ సంగతే మరచిపోయారు.

నేను చెప్పేది స్వరాజ్యం రాకముందు మాట. మాచర్ల పక్కన నాపరాళ్ల క్వారీలో నాన్న రాళ్లు కొట్టేవాడు. అన్నకు పదేళ్లు దాటాయి, నాకు ఆరో ఏడో. బడిలో ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడు, తీరిక దొరికితే నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాడు. అలాంటివాడు ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి చెప్పిన మాట మరచిపోవడం, ఊరికే విసుక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత చేతిలో చెంబు ఉన్నట్టుండి జారిపోయేది. నడుస్తూ నడుస్తూ, ఎవరో వెనకనుంచి తట్టినట్టు ఒళ్లంతా ఉలిక్కిపడి, తల ముందుకు వాలి పడిపోయేవాడు. పొగరనుకుని నాన్న కొట్టాడు. గాలి సోకిందని నలుగురూ అంటే భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయారు. అతను వేపమండలతో కొట్టాడు.

ఆ వాతలు చూసి అడ్డుపడింది మా పక్కింటి పంతులత్త. మిషను బళ్లో చదువు చెప్పే పంతులుగారి భార్య. వాళ్లు క్రైస్తవులు, మేం కాదు, అయినా మాకు అత్తే. "ఏంది అన్నయ్యా, బిడ్డను సంపుకుంటావా? రేపు రైలెక్కండి, నేనూ వస్తా" అని, నరసరావుపేటలో తనకు తెలిసిన లేడీ డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకుపోయింది.

ఆ డాక్టరమ్మ అన్నను చాలాసేపు పరీక్ష చేసి, లేనిపోని ఆశ పెట్టలేదు. ఇది మొండితనం కాదు, దయ్యమూ కాదు, మెదడుకొచ్చిన జబ్బు, నాకు తెలిసి దీనికి మందు లేదు, కొట్టనివ్వకండి, కడుపు మాడనివ్వకండి అని చెప్పి పంపిందట. నాన్న ఆ వరండాలోనే చతికిలబడి, "నా బిడ్డ తప్పేం లేదంట చెల్లెమ్మా" అంటూ ఏడ్చాడని పంతులత్తే తర్వాత మాకు చెప్పేది.

ఏడాది తిరిగేలోపు అన్నకు చూపు పోయింది, మాట పోయింది, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగిసిపోయాయి. కానీ ఆ రోజు తర్వాత వాణ్ణి మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మింగలేని నోటికి చెంచాతో రాగిజావ పట్టడం, ఒళ్లు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం అమ్మకు నేర్పింది పంతులత్తే. క్వారీ నుంచి రాగానే నాన్న రాతిదుమ్ము కడుక్కుని, అన్న తలను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకనాటి ఉదయం ఆ ఒళ్లోనే వాడు కన్నుమూశాడు.

పసితనంలో పోసిన తట్టే ఎక్కడో ఒకరి మెదడులో అణగి ఉండి, ఏళ్లు గడిచాక అలా లేస్తుందని చాలా కాలానికి ఒక డాక్టరుగారు నాకు చెప్పారు. అప్పటికి అమ్మ లేదు. ఆమెకు తెలియకపోవడమే మేలయింది. తెలిస్తే, ఆ తట్టు బిడ్డకు ఎట్లా రానిచ్చానని బతికినన్నాళ్లూ కుమిలిపోయేది. ఇవాళ్టి తల్లులకు ఆ జబ్బు ఎట్లా ఉంటుందో కూడా తెలియదు, అంతకన్నా ఏం కావాలి. పంతులత్త లాంటి మనిషి ఎట్లా ఉంటుందో కూడా వాళ్లకు తెలియదు. నా దిగులల్లా అదొక్కటే.