గోనెపట్టా కింది బూజు

మా నడిగూడెం తోటలో బత్తాయి చెట్ల మొదళ్ల నుంచి బంక కారడం మొదలైన ఏడాది, అటు పోవాలంటేనే నాకు భయమయ్యేది. బెరడు గోకితే లోపల కుళ్లు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసినా పక్క చెట్టుకు పాకుతూనే ఉంది. అవి ఎండల్లో బిందెలతో నీళ్లు మోసి నేను బతికించుకున్న చెట్లు.

కోదాడలో తోటల ఆఫీసరు ట్రైకోడెర్మా అనే పొడి ఇచ్చాడు. ఇదీ బూజేనట, కాకపోతే చెడ్డ బూజును తినే బూజట. ముల్లును ముల్లుతోనే తీయాలన్నాడు. మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి గోనెపట్టా కప్పి పెంచాలి. బూజు బాగా పట్టాక చెట్ల మొదళ్లలో వేయాలి. మైలుతుత్తం కలిసిన మందు మాత్రం దాని మీద పడితే చస్తుందని రెండుసార్లు చెప్పాడు. మా ఆయన తలూపాడు. నేనూ విన్నాను, చెవిటిదాన్నేం కాదు.

అలాగే కుప్ప పెట్టాం. వారం తర్వాత మా ఆయన సూర్యాపేట పోయిన పూట, కుప్ప తడుపుదామని పట్టా లేపాను. అంతా తెల్లటి బూజు, అక్కడక్కడ పచ్చగా తిరిగింది. కుళ్లిన కాయల మీద వచ్చేదీ ఇలాంటిదే కదా. దీన్ని చేజేతులా వేర్లలో పోస్తే తోట మొత్తం పోతుందనిపించింది. బూజు కనిపిస్తే బోర్డో మందు చల్లడమే ఇన్నేళ్లుగా నా చేతికి తెలిసిన పని. పొద్దున ఆకులకు కొట్టగా మిగిలిన మందు డ్రమ్ములో ఉంది. ఆఫీసరు మాట గుర్తున్నా ఆగలేక, కుప్ప మీద కుమ్మరించాను. మందు నీలి మరకలు కనపడకుండా ఎరువు తిరగేసి కప్పేశాను.

రెండు రోజులకు ఆయన ఆ ఎరువునే చెట్లకు వేశాడు. బూజు పట్టలేదేమని అడిగితే, లోపల ఉందిలే అన్నాను. అప్పటి నుంచి ఇంకో భయం పట్టుకుంది. ఆయన రోజూ పొద్దున్నే మొదళ్లు తడిమి చూసి వచ్చేవాడు. ఆ మొహం చూడలేక నేను పొయ్యి దగ్గరే తచ్చాడేదాన్ని. మూడో సాలులో రెండు చెట్ల ఆకులు పసుపెక్కి రాలాక, ఇక దాచలేక చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. ఆయన వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"భయమైతే నాకు చెప్పొద్దా?"

"నీకు భయం లేదాయె. నవ్వుతవని చెప్పలే."

"నాకు లేదా? ఇంట్ల కూసోలేకనే కదా పొద్దుగాల చెట్ల సుట్టు తిరుగుతున్న."

మళ్లీ పొడి తెచ్చి కుప్ప పెట్టాం. ఈసారి బూజు రాదేమోనని భయం. ఇద్దరం రోజుకు నాలుగుసార్లు పట్టా లేపి చూసేవాళ్లం. తొమ్మిదో రోజుకు పచ్చగా కమ్ముకుంది. దోసిళ్లతో తీసి మొదళ్లలో వేశాను. నెలలు గడిచాక మిగతా చెట్లకు బంక ఆగింది.

ఆ రెండు చెట్లు మాత్రం అప్పటికే ఎండిపోయాయి. వాటిని కొట్టే రోజు గొడ్డలి నేనే అడిగి తీసుకున్నాను.